గోదావరి గట్టున నిలిచిన రాళ్ళు

మన డెల్టాలో రాయి దొరకదు. నల్లరేగడి, ఒండ్రు, ఇసుక, ఇవే మన నేల. ఇల్లు కట్టాలన్నా, కాలువ గట్టు కట్టాలన్నా రాయి ఎక్కడినుండో లారీలో రావలసిందే. అందుచేతనే కాబోలు మన సమాధులతోటల్లో రాతి సమాధులు తక్కువ. ఇటుకతో కట్టి, సిమెంటు పూసి, తలవైపున సిలువ నిలిపి, దానిమీద నల్లరంగుతో పేరు, తేదీలు వ్రాయిస్తాము. అంత స్తోమత లేనివారు చెక్క సిలువ పాతుతారు. రెండు వానాకాలాలు గడిచేసరికి అది పుచ్చిపోతుంది. శ్రావణ భాద్రపదాల్లో గుంట తవ్వితే మూడడుగులకే నీరు ఊరుతుంది. ఒకవైపు బకెట్లతో నీళ్ళు తోడుతూ, మరొకవైపు పాట పాడుతూ పెట్టెను దింపిన సందర్భాలు మా పరిచర్యలో ఎన్నో ఉన్నాయి.

అయినా ఈస్టరు వేకువన మన తోటలు చూడండి. ముందురోజే గడ్డి పీకి, సున్నం వేసి, చీకటితోనే కొవ్వొత్తులు పట్టుకొని కుటుంబాలు కుటుంబాలుగా వస్తారు. గుర్తు మిగలని సమాధి దగ్గర కూడా "మా అమ్మ ఇక్కడే" అని ఒక తల్లి కాలితో చోటు చూపించి, అక్కడ కొవ్వొత్తి నిలుపుతుంది. పోయినవారికొక చోటు, ఒక గుర్తు ఉండాలని మనిషికి ఎంత ఆశో ఏటేటా చూస్తున్నవాళ్ళం మేము. అటువంటి మేము ఒక మనిషి విషయంలో ఆ సంగతి మరచిపోయాము. ఈ ప్రయాణం అందుకు సంబంధించినదే.

తొమ్మిదేళ్ళ క్రితం వేలేరుపాడు వైపు ఒక కోయ పల్లెలో కూటములకు వెళ్ళాము. గోదావరికి దగ్గర పల్లె అది. ఆ మధ్యనే బాప్తిస్మము పొందిన ఒక సహోదరుడు, నలభై ఏళ్ళుంటాయి, భోజనాలయ్యాక మా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగాడు. "అయ్యగారూ, మా నాయన రాయి ఏం చేయమంటారు?" ఊరి చివర చింతచెట్టు కింద తండ్రి పేర రాయి నిలబెట్టారట. మేము ఆ రాయిని చూడలేదు. ఎవరు తెచ్చారు, ఎందుకు నిలిపారు అని అడగలేదు. "రక్షణ పొందినవాడివి, ఇంకా ఆ రాయి ఎందుకు నాయనా? తీసి పారేయి" అన్నాము. ఆయన మారు మాట్లాడలేదు. నేలవైపు చూస్తూ తల ఊపాడు. మాకు పడవ వేళయింది, వచ్చేశాము.

ఆ తలవంచిన ముఖము అప్పుడప్పుడు గుర్తుకు వస్తూనే ఉంది. పోయిన సంవత్సరం మా సంఘములోని యవనస్థులు సెల్‌ఫోనులో ఒక ఫోటో చూపించారు. అడవిలో రాతి సిలువ! "వేల ఏళ్ళనాటి సిలువలు అయ్యగారూ, మణుగూరు అవతల ఉన్నాయట. మన పత్రికకు వ్రాయండి" అన్నారు. సిలువలు చూడాలన్న కోరిక కొంత, పాత బాకీ కొంత కలిసి సంక్రాంతి సెలవుల్లో బయలుదేరాము. మా సతీమణి, ఇద్దరు యవనస్థులు వెంట వచ్చారు. పాలకొల్లు నుండి తాడేపల్లిగూడెం, జంగారెడ్డిగూడెం, అశ్వారావుపేట మీదుగా భద్రాచలం చేరేసరికి పొద్దు వాలింది.

భద్రాచలం తెలంగాణలో ఉన్నది గనుక మనకు సంబంధం లేదని ఇప్పటి పిల్లలు అనుకుంటారు. 1874లో ఆ తాలూకాను సెంట్రల్ ప్రావిన్సుల నుండి విడదీసి గోదావరి జిల్లాలో కలిపారు. తర్వాత అది తూర్పు గోదావరిలో భాగమై 1959 వరకు ఉండి, ఆ ఏడు ఖమ్మం జిల్లాకు వెళ్ళింది. 2014లో కూనవరం, చింతూరు, వేలేరుపాడు, కుకునూరు వంటి మండలాలు మన గోదావరి జిల్లాలకు వచ్చాయి. గీతలు ఎన్నిసార్లు మారినా నది ఒక్కటే. మన పంటకాలువల్లో పారే నీరు ఆ కోయ పల్లెల పక్కనుండే వస్తుంది.

మరునాడు ఉదయం దుమ్ముగూడెం వెళ్ళాము. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయ్యాక, మధ్య ఇండియా పత్తిని పడవల్లో సముద్రానికి దింపాలని ఎగువ గోదావరి మీద కూడా పనులు మొదలుపెట్టారు. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ పనుల్లోనిదే. లాభం లేదని 1871లో ఆ పథకాన్ని విడిచిపెట్టారు. ఆ పనులమీద ఉన్న హేగ్ దొరగారు, సైన్యపు ఇంజనీరు, 1860 ప్రాంతంలో కోయల మధ్య సువార్త పనికి అక్కడ పునాది వేశారు. వెంకటరామరాజు అనే తెలుగు సేవకుడు ఆ పనిని భుజాన వేసుకున్నారు. తర్వాత జాన్ కెయిన్ దొరగారు వచ్చి అక్కడే చాలా కాలం పరిచర్య చేశారు.

కెయిన్ దొరగారు 1876 మొదలు 'ఇండియన్ ఆంటిక్వరీ' అనే పత్రికలో కోయల జీవితము గురించి వ్యాసాలు వ్రాశారు. మరణ సంస్కారాలు కూడా ఆయన వ్రాసినవాటిలో ఉన్నాయి. శవాన్ని మంచముమీద మోసుకుపోతారని, ఆవునో ఎద్దునో కోసి తోకను చనిపోయినవాని చేతిలో ఉంచుతారని, తర్వాత దహనము చేస్తారని, పసికందులను మాత్రం ఇంటి చూరు నీళ్ళు పడేచోట పాతిపెడతారని ఆయన వ్రాశారు. చూరు నీరు ఆ చోట పడితే ఆ తల్లికి మళ్ళీ బిడ్డ కలుగుతుందని వారి నమ్మకము. ఆయనా సువార్తికుడే. ఆ నమ్మకాలను ఆయన ఒప్పుకోలేదు. కానీ వారి మధ్య కూర్చొని, అడిగి, తెలుసుకొని వ్రాశారు. ఆ పని మేము చేయలేదు గదా అనిపించింది.

దుమ్ముగూడెం దారిలో ఒక పల్లె దగ్గర కారు ఆపాము. ఇప్పచెట్ల కింద వరుసగా రాళ్ళు నిలిచి ఉన్నాయి. కొన్ని మోకాలెత్తు, కొన్ని నడుమెత్తు. చెక్కడం లేదు, పేరు లేదు. పలకరాళ్ళను ఉన్నవి ఉన్నట్టే నేలలో నిలిపారు. ఒక రాతికి ఎండిన ఎద్దుతోక కట్టి ఉంది. పశువులు తోలుకొస్తున్న పెద్దాయన మమ్మల్ని చూసి ఆగాడు. చుట్ట వెలిగించుకొని కూర్చొని అడిగినవన్నీ ఓపికగా చెప్పాడు.

వారి వైపున మనిషి పోతే చుట్టాలందరికీ కబురు వెళ్తుంది. వచ్చినవారు గుడ్డ, బియ్యం తెస్తారు. డోలీలు వచ్చి డోలు వాయిస్తూ చనిపోయినవాని గట్టు ఏదో, ఆ వంశము ఎక్కడ పుట్టి ఏ దారిన వచ్చిందో పాడుతారు. కోయల్లో గట్టు అంటే మన గోత్రము వంటిది. దినాలనాడో, ఆ తర్వాతనో గుట్టనుండి రాయి తెచ్చి నిలుపుతారు. "రాయి ఊరికే నిలవదయ్యా. ఎద్దు కావాలి, బియ్యం కావాలి, కల్లు కావాలి. లేనోళ్ళు రెండేళ్ళయినా, మూడేళ్ళయినా ఆగుతారు. కానీ నిలుపుతారు" అన్నాడు.

"ఈ రాళ్ళను దేవుళ్ళని మొక్కుతారా తాతా?" అని మా యవనస్థుడు అడిగాడు.

పెద్దాయన అతనివైపు వింతగా చూశాడు. "దేవుడు వేరే ఉన్నాడు బాబూ. ఇది మా నాయన. అది మా పెద్దనాయన. కొత్త పంట వచ్చినప్పుడు ఇంత తెచ్చి పెడతాం. మా నాయన తినకుండా మేమెట్లా తింటాం?"

చనిపోయినవారు మనము పెట్టిన అన్నము తినరని వాక్యము తెలిసిన మనకు తెలుసు. రాయి నిలపడానికి అప్పులపాలయ్యే కుటుంబాలున్న మాట కూడా ఆ పెద్దాయనే చెప్పాడు. ఆ సంగతులను మేము సమర్థించడం లేదు. అయితే కొత్త బియ్యం చేతికి రాగానే తండ్రిని తలచుకొనే కొడుకు మన డెల్టాలో ఎంతమందికి ఉన్నాడు? ఈ ప్రశ్న మమ్మల్ని ఆ రోజంతా విడువలేదు.

భద్రాచలం నుండి వంతెన దాటి సారపాక, అశ్వాపురం, మణుగూరు మీదుగా పినపాక మండలంలోని జానంపేటకు వెళ్ళాము. ఒకవైపు భారజల కర్మాగారము, ఇంకొకవైపు బొగ్గు గనులు, మధ్యలో కోయ పల్లెలు. మణుగూరు దగ్గరి కూనవరం గ్రామస్థుడే సకిని రామచంద్రయ్యగారు. కోయ వంశాల కథలను పాడే కళకు ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు. పుస్తకము లేని జనానికి ఆయన వంటివారి గొంతే వంశావళి గ్రంథము.

జానంపేట పొలాల్లోను, తుప్పల్లోను పెద్ద పెద్ద బండలు. గుండ్రంగా రాళ్ళు పేర్చి, మధ్యలో నాలుగు పలకలతో గదిలా కట్టి, పైన ఒకే బండ కప్పుగా వేశారు. ఆ కప్పుబండను పదిమంది పట్టినా కదపలేరు. లోపల ఒకే రాతిని తొలిచి చేసిన తొట్టి. అందులో చనిపోయినవారి ఎముకలు ఉంచేవారు. ఇటువంటివి ఈ ప్రాంతంలో వందలకొద్దీ ఉన్నాయి. జనం వీటిని రాకాసి గుళ్ళు అంటారు. మనుషులు ఇంత బరువు ఎత్తగలరని నమ్మకం కుదరక రాక్షసులకు అంటగట్టారు. ఇనుము వాడకం వచ్చిన కాలంలో, అంటే క్రీస్తుపూర్వం వెయ్యి సంవత్సరాల నుండి మొదలై ఇటువంటి సమాధులు దక్షిణ దేశమంతటా కట్టారని పురావస్తు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

ఇక ఆ సిలువలు. మల్లూరు, కాటాపురం, దొంగతోగు వంటి చోట్ల ఈ సమాధుల దగ్గరే మనిషి ఎత్తును మించిన రాళ్ళు ఉన్నాయి. పైన కురచగా ఒక మొన, దానికింద అటూ ఇటూ రెండు చిన్న కొమ్మలు, కింద పొడవైన మొండెము. స్థానికుడైన ఒక యువకుడు దారి చూపగా ఎండుటాకుల్లో చాలాసేపు నడిచి, దొంగతోగు అడవిలో అటువంటి రాతి ముందు నిలబడ్డాము. ఫోటోలో చూసినట్టే, సిలువలాగే ఉంది.

అలా అనుకున్నవారిలో మనము మొదటివారము కాము. 1868లో మల్హెరాన్ అనే సర్వే అధికారి గోదావరి తీరపు ఈ రాతి సిలువల గురించి కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీకి వ్రాశారు. 1872లో ఫెర్గూసన్ అనే పండితుడు ప్రపంచంలోని పెద్దరాతి కట్టడాలమీద తెచ్చిన గ్రంథములో వీటిని ప్రస్తావించి, ఇవి క్రైస్తవులవే అయి ఉంటాయని వాదించారు. ఆ మాట నిజమైతే మనకెంత సంతోషము! కానీ నిజము కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయపు ఆచార్యులు కె.పి. రావుగారు మొదలైనవారు వీటిని పరిశీలించి, ఇవి సమాధుల కాలపు మనిషి బొమ్మలని చెప్పారు. పైన ఉన్నది తల, అటూ ఇటూ ఉన్నవి చేతులు. స్త్రీ అని తెలిసేటట్టు చెక్కిన బొమ్మలు కూడా ఈ ప్రాంతంలో ఉన్నాయి. అవి చూశాక సిలువ అనే మాటే రాదు.

"అయితే మనవి కావన్నమాట" అన్నాడు యవనస్థుడు, కొంచెం నిరాశగా.

"మనవి కావు బాబూ. మనవని చెప్పుకుంటే వాళ్ళ పెద్దలను వాళ్ళ దగ్గరనుండి తీసుకున్నట్టవుతుంది" అన్నాము. పరులది ఆశించకూడదన్న ఆజ్ఞ పొలానికి, ఎద్దుకు ఉన్నట్టే సమాధికి కూడా ఉన్నది గదా.

ఇటువంటి గుర్తులు ఒక్క గోదావరి తీరానివే కావు. కూనవరం దగ్గర గోదావరిలో కలిసే శబరి నది అవతల బస్తర్ ఉంది. అక్కడ దంతెవాడ వైపు మాడియాలు చనిపోయినవారికి రాళ్ళు నిలపడమే గాక, చెక్కిన కొయ్య స్తంభాలు కూడా పాతుతారు. ఇంకా దూరాన ఈశాన్యంలోని నాగా కొండల్లో కోన్యాక్ నాగాలు పూర్వము శవాన్ని వెదురు మంచెమీద ఉంచి, పక్కన కొయ్యబొమ్మను నిలిపేవారు. కొన్నాళ్ళకు కపాలాన్ని శుభ్రపరచి రాతిపెట్టెలో భద్రం చేసి, మూడేళ్ళపాటు దానికి అన్నము పెట్టేవారు. అంగామి నాగాలు సమాధిమీద కొయ్యబొమ్మ నిలిపి, పోయినవాని నగలు దానికి తొడిగేవారు. వియన్నా నుండి వచ్చిన హైమన్‌డార్ఫ్ అనే ఆచార్యుడు 1936లో కోన్యాకుల మధ్యకు వెళ్ళి నివసించారు. తర్వాత నిజాం రాజ్యానికి వచ్చి, మన పాపికొండల్లోని కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో వారిమీద ఒక గ్రంథము ప్రచురించారు. అలా నాగా కొండలను, మన గోదావరిని రెండింటినీ ఎరిగినవారాయన.

నాగాల మధ్య 1872లో బాప్తిస్మములు జరిగాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం నాగాలాండులో నూటికి 88 మంది క్రైస్తవులు. అంతటి ఉజ్జీవము జరిగిన చోటనే, పాత బొమ్మలను, పాటలను, ఆచారాలను మంచి చెడు చూడకుండా వదిలించారన్న బాధ ఇప్పుడు వినిపిస్తున్నది. పెద్దల కపాలాలు సైతం ఇంగ్లండులోని మ్యూజియములకు చేరాయి. ఆక్స్‌ఫర్డులోని పిట్ రివర్స్ మ్యూజియము 2020లో మానవ అవశేషాలను ప్రదర్శననుండి తీసివేసింది. తమ పెద్దల ఎముకలు ఇంటికి తెచ్చుకోవాలని నాగాలు ప్రయత్నము మొదలుపెట్టారు. అందులో ముందున్నవారిలో క్రైస్తవ సేవకులు కూడా ఉన్నారు. యోసేపు తన ఎముకలను ఐగుప్తులో విడువవద్దని ప్రమాణము చేయించుకున్నాడు. మోషే ఎర్రసముద్రము దాటబోతూ కూడా వాటిని మరువలేదు. ఆ కథ చదివినవారికి నాగా సహోదరుల ఆరాటము అర్థము కాకుండా ఎలా ఉంటుంది?

తిరుగు ప్రయాణములో జంగారెడ్డిగూడెం దగ్గర పునరావాస కాలనీలో ఆగాము. తొమ్మిదేళ్ళ క్రితం మమ్మల్ని ప్రశ్న అడిగిన సహోదరుడు ఇప్పుడు అక్కడ ఉంటున్నాడు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత ఎత్తు మళ్ళీ అదే. ఆయన పల్లె కప్పులదాకా మునిగింది. పోలవరం ముంపు గ్రామమే గనుక ఆ తర్వాత ఊరు ఖాళీ చేసి కాలనీకి వచ్చారు. అచ్చుగుద్దినట్టు ఒకే రకం ఇళ్ళు, వరుసలు వరుసలు. చింతచెట్టు లేదు, ఇప్పచెట్టు లేదు.

మా సతీమణికి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాక, ఆయన మమ్మల్ని ఇంటి వెనక్కు తీసుకువెళ్ళాడు. గోడ వారగా ఒక పలకరాయి పడుకోబెట్టి ఉంది. నాలుగడుగులుంటుంది.

"మీరు తీసేయమన్నారు, తీశాను. పారేయమన్నారు. పారేయలేకపోయాను అయ్యగారూ. ఇన్నేళ్ళూ చింతచెట్టు కిందే పడుకోబెట్టి ఉంచాను. ఊరు వదిలేటప్పుడు బియ్యం బస్తాలతోపాటు ట్రాక్టరులో వేసుకొచ్చాను. మా ఆడది తిట్టింది. తప్పు చేశానా?"

మాకు వెంటనే మాట రాలేదు. రాయి లేని దేశమునుండి వచ్చి, రాయి ఉన్నవాణ్ణి పారేయమన్నాము. రాహేలు పోయినప్పుడు యాకోబు ఆమె సమాధిమీద స్తంభము నిలిపిన సంగతి ఎన్నిసార్లు ప్రసంగించామో! యొర్దాను దాటాక ఇశ్రాయేలీయులు పన్నెండు రాళ్ళు నిలిపినది పిల్లలు వాటిని చూసి అడుగుతారనే గదా. ఆ మాటలు మా నోటనే ఉన్నాయి. ఈ మనిషి ముందు మాత్రం అవి జ్ఞాపకము రాలేదు.

"తప్పు నీది కాదు తమ్ముడూ, మాది. క్షమించు" అన్నాము.

ఆ సాయంత్రం మా యవనస్థులు, ఆయన కొడుకు కలిసి గడ్డపారతో గుంట తీశారు. ఎర్రగ్రావెలు నేల, అడుగున్నర తవ్వడానికి గంట పట్టింది. నీరు ఊరలేదు. రాయిని నిలిపి మట్టి కూరాము. ఎద్దు లేదు, కల్లు లేదు, అన్నము పెట్టలేదు. ఆ తండ్రి జీవితము కొరకు, ఆయన పెంచిన కుటుంబము కొరకు దేవునికి కృతజ్ఞతలు చెల్లించి ప్రార్థన చేశాము.

"పేరు చెక్కిద్దామా?" అని అడిగాము, మన అలవాటు చొప్పున.

"ఎందుకయ్యగారూ? మాకు తెలుసుగా" అన్నాడు.

అంతలో పక్క ఇళ్ళ పిల్లలు మూగారు. కాలనీలో పుట్టిన పిల్ల, నాలుగేళ్ళుంటాయేమో, రాతిని తడిమి "ఇదేంటి?" అని అడిగింది. ఆయన ఆ పిల్లను దగ్గరకు తీసుకొని కోయ భాషలో చెప్పడం మొదలుపెట్టాడు. మాకు ఆ భాష రాదు. ఆయన చెప్పడం ముగిసేదాకా నిలబడి విన్నాము.

ఆ పల్లెలోని మిగతా రాళ్ళు చింతచెట్టు కిందనే ఉన్నాయట. మోయలేనివారు వదిలి వచ్చారు. ఏటి నీరు పెరిగే కొద్దీ అవి మునుగుతాయి. ప్రియ పాఠకులారా, మీ ప్రాంతములో కొండ సంఘములతో పనిచేసేవారుంటే మా అనుభవము చెప్పండి. ఎవరైనా వచ్చి తమ పెద్దల గుర్తును ఏమి చేయాలని అడిగితే, జవాబు చెప్పేముందు వారితో నడిచి వెళ్ళి దానిని చూడండి. అది ఎవరిదో అడగండి. వచ్చే ఈస్టరుకు మన తోటల్లో పేర్లు చెరిగిపోయిన సిలువల దగ్గర కూడా ఒక్క నిమిషము నిలబడి, అక్కడ ఉన్నది ఎవరో మీ పిల్లలకు చెప్పండి.